కట్ట కింద ఇళ్లు

మా ఆఫీసులో ప్రతి సోమవారం పొద్దున ఒక జాబితా వస్తుంది. మేం నడిపే సర్వర్లలో ఏ ప్యాకేజీలో కొత్తగా ఏ లోపం బయటపడింది, అది ఎంత ప్రమాదం, సరిచేసిన వెర్షన్ వచ్చిందా లేదా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఒక్కో లోపానికీ ఒక నంబరు. ముందు సీవీఈ అని, తర్వాత సంవత్సరం, తర్వాత అంకెలు. 1999 నుంచి ప్రపంచమంతా ఇలాగే నంబర్లు వేసుకుంటోంది. మనుషులు చచ్చిపోయినప్పుడు ఆస్పత్రిలో కాలి వేలికి కట్టే చీటీలా ఉంటుంది నాకా నంబరు చూస్తే. కానీ నిజం చెప్పాలంటే ఎక్కువ వారాలు ఆ జాబితాని పైనుంచి కిందికి ఒకసారి జరిపి, ఎర్ర రంగులో ఏమీ లేకపోతే మూసేస్తాను. ఎర్ర రంగులో ఉన్నవాటిని కూడా "ఈ రిలీజ్ అయ్యాక చూద్దాం" అని పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. ఈ వ్యాసం అలాంటి ఒక సందర్భం గురించి.

2024 జులై 1 సోమవారమే. ఆ రోజు జాబితాలో మొదటి వరుస ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ది. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న సర్వర్‌లోకి మాలాంటివాళ్లం ఇంట్లో కూచుని వెళ్లాలంటే ఒక తలుపు ఉండాలి. లినక్స్ యంత్రాల్లో చాలావాటికి ఆ తలుపు దగ్గర కాపలా ఉండే ప్రోగ్రామ్ ఇదే. వచ్చినవాడు 120 సెకన్లలో తనెవరో రుజువు చేసుకోకపోతే లోపల ఒక అలారం మోగుతుంది, వాణ్ని బయటికి పంపేస్తుంది. అలారం మోగినప్పుడు కాపలావాడు చేతిలో ఉన్న పనిని ఎక్కడికక్కడ వదిలేసి లేస్తాడు కాబట్టి, ఆ క్షణంలో కొన్ని పనులు అస్సలు చేయకూడదు. చేస్తే, ఆ సగంలో ఆగిన పనిని సరిగ్గా కాలం చూసి వాడుకున్నవాడు తాళం లేకుండానే ఇంటి యజమాని అయిపోవచ్చు. వెంటనే కుదిరే పని కాదు. కనిపెట్టిన క్వాలిస్ వాళ్లు 32 బిట్ల యంత్రం మీద ప్రయత్నిస్తే సగటున పదివేల సార్లు తలుపు తట్టాల్సి వచ్చిందని, ఆరు నుంచి ఎనిమిది గంటలు పట్టిందని రాశారు. యంత్రానికి పదివేల సార్లు తట్టడం ఓ లెక్క కాదు.

నన్ను ఆపింది అది కాదు. ఆ లోపం కొత్తది కాదు. 2006లోనే దొరికింది, అప్పుడే సరిచేశారు. అలారం మోగినప్పుడు ప్రమాదకరమైన పని జరక్కుండా కోడ్‌లో ఒక చిన్న అడ్డు పెట్టారు. 2020 అక్టోబర్‌లో, చిట్టాలు రాసే భాగాన్ని శుభ్రం చేస్తూ, ఆ అడ్డుని తీసేశారు. చెడ్డ ఉద్దేశంతో కాదు. అనవసరంగా కనిపించి ఉంటుంది. ఎందుకు ఉందో గుర్తులేని ప్రతి వస్తువూ ఇంట్లో చెత్తలాగే కనిపిస్తుంది కదా. అలా, ఒకసారి పూడ్చిన గండి పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ తెరుచుకుంది. ఇంకో మూడున్నరేళ్లకి పైగా ఎవరికీ తెలియలేదు.

2020 అక్టోబర్ అనగానే ఈ ఊరివాడికి, ముఖ్యంగా పాతబస్తీవాడికి, కోడ్ గుర్తురాదు. నీళ్లు గుర్తొస్తాయి.

మా ఇల్లు లాల్‌దర్వాజాలో. మా వీధి కొంచెం ఎత్తు, బతికిపోయాం. 13వ తేదీన మొదలైన వాన ఒక్క రోజులో దాదాపు 19 సెంటీమీటర్లు కురిసింది. ఆ రాత్రి పల్లె చెరువు కట్ట తెగింది. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మునిగింది. నాలుగు రోజులకి, శనివారం రాత్రి, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువుకి గండి పడింది. హాఫిజ్ బాబా నగర్ వీధులు వాగులయ్యాయి. మనుషులు కొట్టుకుపోయారు. ఇంటర్లో నాతో చదివిన ఒకడి ఇల్లు అల్ జుబైల్ కాలనీలోనే. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయడానికి వెళితే వాడు అన్న మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "మా ఇంటికి పైన ఒక చెరువు ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది రా."

ఇరవయ్యేళ్లు అక్కడే ఉన్నవాడు. పేరు వినే ఉంటాడు. కానీ తన పడగ్గదికీ ఆ కట్టకీ సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు, అడగాలని వాడికీ తట్టలేదు.

2021 డిసెంబర్‌లో లాగ్‌4జె లోపం బయటపడినప్పుడు ప్రపంచంలో పెద్ద పెద్ద సంస్థలు మొదటి కొన్ని రోజులు మరమ్మతు చేయలేదు. అసలు అది తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతుక్కున్నాయి. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని మీద, అది మరో పదింటి మీద ఆధారపడి ఉంటుంది. వాటిలో ఒకటి ఎవరో ఖాళీ టైంలో రాసిపెట్టినది. మా ఫ్రెండు అన్నదే అందరూ అన్నారు, మా ఇంటికి పైన చెరువు ఉందని తెలియదని.

దక్కన్‌లో చెరువులు విడివిడిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పైది నిండితే మత్తడి దూకి కిందిదానిలోకి వస్తుంది. కరువు రోజుల్లో అదొక వరం. అతివాన రోజున అదే శాపం. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా వచ్చి కింది కట్ట మీద పడతాయి, కింది కట్ట ఎంత గట్టిదైనా. 1908 సెప్టెంబర్ 28న మూసీ వేలమందిని మింగిందని చదువుకున్నాం. తర్వాత నిజాం పిలిపిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీశాడు. నది పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడానికి వెనక ఉన్నది ఈ లెక్కే. వరదని మనం ఆకాశం పని అనుకుంటాం. ఆకాశంతో పాటు 221 కట్టల పని కూడా అది.

ఇప్పుడు నా సంగతి. జులై 1న మా దగ్గర సుమారు నలభై సర్వర్లకి ఆ లోపం ఉంది. సాయంత్రానికి ముప్పై ఒకటి సరిచేశాను. మిగిలిన తొమ్మిదింటి మీద ఎవరో ఎప్పుడో ప్యాకేజీలు కదలకుండా హోల్డ్ పెట్టారు. ఎందుకు పెట్టారో ఎక్కడా రాసి లేదు. పెట్టినవాడు కంపెనీ మారిపోయాడు. ఆ తొమ్మిదీ కొన్ని ఆస్పత్రుల అపాయింట్‌మెంట్లు చూసేవి. హోల్డ్ తీసి ప్యాకేజీ మారిస్తే దానితో పాటు ఇంకేం మారుతుందో పరీక్షించాలి, దానికి రెండు మూడు రోజులు కావాలి, ఆ వారం ఒక రిలీజ్ ఉంది. తర్వాతి వారం ఇంకోటి. మీటింగ్‌లో "ఇంటర్నెట్ వైపు నేరుగా తెరిచి లేవు కదా" అన్నారు. రెండు మాత్రం తెరిచే ఉన్నాయి. ఆ మాట నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు.

ఇరవై మూడు రోజులు అలా ఉన్నాయి.

మధ్యలో జులై 19 వచ్చింది. ఆ శుక్రవారం క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేసుకుని కూలబడ్డాయి. ఇక్కడ శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఆ ఫొటో దేశమంతా తిరిగింది. మా మేనేజర్ నా సీటు దగ్గరికి వచ్చి నవ్వుతూ, "చూశావా, తొందరపడితే ఇదే జరిగేది" అన్నాడు. నాకు ఊరటగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం. విమానాలు ఎక్కలేక జనం నేల మీద కూచున్న ఫొటోలు చూస్తూ నేను మనసులో, హమ్మయ్య, ఆలస్యం చేయడం కూడా ఒక వివేకమే అనుకున్నాను. 24వ తేదీన, లాల్‌దర్వాజా బోనాలకి నాలుగు రోజుల ముందు, ఎట్టకేలకు తొమ్మిదింటికీ ప్యాచ్ వేశాను. హోల్డ్ తీస్తే ఏమీ విరగలేదు. చిట్టాలు తిరగేస్తే లోపలికి ఎవరూ రాలేదు. తలుపు తట్టినవాళ్లు మాత్రం ఉన్నారు, కానీ ఇంటర్నెట్‌లో ప్రతి తలుపునీ ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు.

ఏమీ కాలేదు. అయితే నేను తప్పు చేసినట్టా, చేయనట్టా?

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తాత్వికులు ఈ ప్రశ్న మీద జంటగా వ్యాసాలు రాశారు. నేగెల్ ఉదాహరణల్లో ఒక లారీ డ్రైవర్ ఉంటాడు. బ్రేకులు చూపించుకోవడంలో కాస్త అశ్రద్ధ చేశాడు. దారిలో ఒక పిల్లవాడు అడ్డం వస్తే వాడు జీవితాంతం దోషి. అడ్డం రాకపోతే? అశ్రద్ధ అదే, బ్రేకులు అవే. కానీ రాత్రికి ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాడు. పిల్లవాడు రోడ్డు మీదికి రావడం, రాకపోవడం డ్రైవర్ చేతిలో లేదు. చేతిలో లేనిదాన్ని బట్టి మనిషిని ఎలా తూస్తాం? తూచకుండా ఎలా ఉంటాం? నేగెల్ దీన్ని తేల్చడు, తేలనిదని చూపిస్తాడు.

కాలేజీలో ఎవరో చెబితే చదివాను గానీ, ఆ లారీ డ్రైవర్ని నేనేనని అనుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. ఒక తేడా కూడా కనిపించింది. డ్రైవర్‌కి బ్రేకులు బాగాలేవని తెలియదు, చూపించుకోలేదు, అంతే. నాకు తెలుసు. నంబరుతో సహా తెలుసు. ఆ ఇరవై మూడు రోజులూ నేను చేసింది ఆలస్యం అనుకున్నాను. కానీ అది ఒక పందెం. పందెంలో ఒడ్డినవి నావి కావు. ఏ ఊళ్లోనో ఎవరో చర్మవ్యాధి డాక్టర్‌కో మానసిక వైద్యుడికో అపాయింట్‌మెంట్ పెట్టుకున్నారు, వాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారన్న సంగతి ఆ తొమ్మిది యంత్రాల్లో ఉంది. మీ తరఫున నేనొక పందెం కాస్తున్నాను, సరేనా అని వాళ్లని అడగలేదు. అడిగే వీలు కూడా లేదు. కట్ట మీద నిలబడ్డవాడికి పగులు కనిపిస్తుంది. కింద ఇంట్లో పడుకున్నవాడికి కనిపించదు. కాబట్టి చూసినవాడు చూసిన క్షణం నుంచి కిందవాళ్లకి బాకీ పడతాడు. గండి పడితేనే బాకీ పుడుతుందనీ, పడకపోతే లేదనీ నేను ఒప్పుకోలేకపోతున్నాను. పడకపోతే ఎవరూ వసూలు చేయరు, అంతే.

మా మేనేజర్ మాటని కొట్టిపారేయడం కూడా సులువు కాదు. తొందరపాటు మరమ్మతు చేసే చెరుపు నాకు ఇంట్లోనే తెలుసు. మా తాత కట్టించిన ఇంటికి డంగు సున్నం గచ్చు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ అని ఏవేవో చెప్పేది నానమ్మ. పడమటి గోడకి పగులు వస్తే నాన్న సిమెంటు పూయించాడు. రెండు వానాకాలాలు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మూడో ఏడు ఆ సిమెంటు ముక్క తనతో పాటు చుట్టూ ఉన్న పాత గచ్చుని కూడా పట్టుకుని ఊడొచ్చింది. సున్నం తడిని పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. 2019 మే 1 రాత్రి చార్మినార్ ఒక మినార్ నుంచి పెచ్చు ఊడిపడినప్పుడు వీధిలో చాలామంది "సిమెంటు కొట్టేస్తే పోయేదానికి" అన్నారు. పురావస్తు శాఖవాళ్లు నెలల తరబడి సున్నంతో ఎందుకు కుస్తీ పడతారో మా పడమటి గోడ చెబుతుంది.

డెబియన్ చరిత్రలో ఇలాంటి సిమెంటు ముక్క ఒకటుంది. 2006లో అక్కడి ఒక డెవలపర్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో ఒక పరీక్ష పరికరం హెచ్చరికలు చూపిస్తోందని, ఆ వరుసలు పనిచేయకుండా చేశాడు. హెచ్చరిక పోయింది. దాంతో పాటు, రహస్య తాళాలు తయారుచేయడానికి కావలసిన యాదృచ్ఛికత కూడా దాదాపు మొత్తం పోయింది. ఒక్కో రకం తాళానికి 32,768 కంటే ఎక్కువ అవకాశాలు మిగల్లేదు. అంటే ఊరందరి ఇళ్లకీ అవే కొన్ని తాళంచెవులు. 2008 మేలో బయటపడేదాకా దాదాపు రెండేళ్లు డెబియన్, ఉబుంటు యంత్రాలు అలా తాళాలు చేస్తూనే పోయాయి. మరమ్మతు చేసినవాడికి దురుద్దేశం లేదు, శ్రద్ధ కూడా లేకపోలేదు, ముందే అడిగాడు కూడా. గోడ ఎలా ఊపిరి తీసుకుంటుందో తెలియదు, అంతే.

అందుకని పరీక్షించడానికి మూడు రోజులు తీసుకోవడం బాధ్యతే అంటాను. కానీ నేను తీసుకున్నవి ఇరవై మూడు. అందులో పరీక్షకి పోయినవి రెండు. మిగతా ఇరవై ఒకటికీ ఏ సిమెంటు కథా చెప్పుకోలేను.

మా ప్రాంతంలో చెరువు కట్టని కనిపెట్టుకుని ఉండటానికి నీరటి అని ఒక మనిషి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంత నీళ్లు, కట్టలో ఎలుక బొక్కలు ఎక్కడ పడ్డాయి, అన్నీ ఆయన పని. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీదే. ఊరు ఆయనకి జీతం ఇవ్వదు, పంటలో మేర ఇస్తుంది. ఆయాకట్టు పండితే ఆయన వాటా ఆయనకి వస్తుంది. ఎప్పుడూ న్యాయంగా ఇచ్చారని నేను అనను. ఆ పని చేసినవాళ్లది ఏ కులమో, వాళ్లని ఊరి అంచున ఎక్కడ ఉంచారో నాకు తెలుసు. కానీ కట్ట చూడటం ఒక పని అని, దానికి ధాన్యం కొలవాలని కనీసం ఒప్పుకున్నారు.

ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీని ఏళ్ల తరబడి ఫిన్లండ్‌లో లాస్సె కాలిన్ అనే ఆయన దాదాపు ఒంటరిగా చూసుకున్నాడు. ఫైళ్లని కుదించే చిన్న పనిముట్టు. దాని మీద ఆధారపడని లినక్స్ అరుదు. 2022లో ఆయన, తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది డబ్బురాని సరదా పని అని గుర్తుపెట్టుకోండని బహిరంగంగా రాసుకున్నాడు. అప్పటికే కొన్ని పేర్లు ఆయన్ని, అప్‌డేట్లు ఆలస్యం చేస్తున్నావు, వేరేవాళ్లకి అప్పగించు అని సతాయిస్తున్నాయి. జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. ఓపిగ్గా, మర్యాదగా రెండేళ్లు పనిచేశారు. 2024 మొదట్లో వచ్చిన వెర్షన్లలో ఆ సాయం చేసిన చేతులే దొంగ దారి పెట్టాయి. అది దొరకడం కూడా అదృష్టమే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ ఎందుకు పడుతోందని విసుక్కుని తవ్వితే బయటపడింది, మార్చి 29న ప్రపంచానికి చెప్పాడు. అప్పుడు అందరూ మెచ్చుకున్నది ఫ్రాయిండ్‌ని, భయపడింది జియా టాన్‌కి. నేను మాత్రం కాలిన్ గురించే ఎక్కువ ఆలోచించాను. ప్రపంచమంతా ఆయన కట్ట కింద ఇళ్లు కట్టుకుంది. ఎవరూ మేర కొలవలేదు. ఎప్పుడు బాగుచేస్తావని అడగడానికి మాత్రం వచ్చారు.

ఇంతవరకు రాసింది నాకు నేను ఒప్పుకోగలిగినది. ఇకముందుది నాకు కుదురుగా లేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ప్యాచ్ విషయంలో చెబితే పెరుగుతుంది. మరమ్మతు బయటపెట్టిన రోజునే ఏం మారిందో పోల్చి చూసి, గండి ఎక్కడుందో ఎవరైనా తెలుసుకోవచ్చు. అందుకే లినక్స్ పంపిణీదారులు తమలో తాము రహస్యంగా సిద్ధమవడానికి గడువు పెట్టుకుంటారు, పద్నాలుగు రోజులకి మించకుండా. తర్వాత అందరికీ ఒకేసారి చెబుతారు. జలాశయం గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగించినట్టు. గేట్లు ఎత్తకపోతే కట్టే పోతుంది కాబట్టి ఎత్తక తప్పదు. కానీ సైరన్ విన్నవాళ్లందరికీ పరిగెత్తే కాళ్లు ఉండవు.

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. ఆ లోపం సంగతి అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి అంతకు ముందే తెలుసు, చెప్పకుండా ఆయుధంగా దాచుకుంది, వాళ్ల దగ్గర్నుంచి అది దొంగల పాలైంది. మే 12న వానాక్రై వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి దొరికాయి. రెండు నెలలుగా ప్యాచ్ ఉంది, వేయలేదు. అక్కడిదాకా అది నా కథే. కానీ విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్ల సంగతి వేరు. దానికి 2014లోనే మద్దతు ఆపేశారు. ప్రత్యేకంగా డబ్బు కట్టే సంస్థలకి మాత్రం ప్యాచ్ అప్పటికే తయారుగా ఉంది. మిగతావాళ్లకి దాడి మొదలయ్యాకే ఇచ్చారు. తయారై, అరలో ఉండి, డబ్బు కట్టనందుకు ఇవ్వని మందుని ఏమనాలి? కంపెనీ పక్షాన చెప్పేందుకు వాదనలున్నాయి. పాతవాటిని ఎంతకాలం మోస్తాం, ఉచితంగా మోస్తే ఎవరూ మారరు, ఇలాంటివి. అవన్నీ నేనూ మీటింగుల్లో చెప్పినవాణ్నే. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు అవి నోట్లోంచి రావు.

ఆ మనిషి శాలిబండలో జిరాక్స్ దుకాణం చాచా. ఇంటర్ రోజుల్నుంచి తెలుసు, హాల్‌టికెట్ ప్రింట్లు అక్కడే. ఇప్పుడు అక్కడ స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్లు, ఓటర్ కార్డు దిద్దుబాట్లు, వేలిముద్ర వేయించి పింఛను డబ్బులు తీసివ్వడం, అన్నీ జరుగుతాయి. కంప్యూటర్ విండోస్ 7. దానికి మామూలు మద్దతు 2020 జనవరి 14తో అయిపోయింది. తర్వాత మూడేళ్లు కూడా ప్యాచ్‌లు ఉన్నాయి, కొనుక్కోగలిగిన సంస్థలకి. చాచాకి ఆ సంగతే తెలియదు. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్ ఉంది. అందులో గత ఎనిమిదేళ్లలో ఆ దుకాణానికి వచ్చినవాళ్ల ఆధార్ కార్డుల స్కాన్లు, వందల్లో, పేర్లతో సహా.

మార్చమని మొదటిసారి చెప్పినప్పుడు చాచా, "అభీ చల్‌రా నా బేటా, కైకు ఛేడ్నా?" అన్నాడు. నడుస్తోంది కదా, కెలకడం ఎందుకు. గచ్చిబౌలిలో అద్దాల గదుల్లో మేం ఇంగ్లిష్‌లో చెప్పుకునే సిద్ధాంతం అదే, ఒక్క అక్షరం తేడా లేదు. పైగా ఆయన దగ్గర నాకంటే మంచి కారణాలున్నాయి. కొత్త విండోస్‌కి ఆ యంత్రం సరిపోదు. కొత్త యంత్రం కొంటే వేలిముద్ర పరికరం దానితో పనిచేస్తుందో లేదో, ప్రింటర్ పనిచేస్తుందో లేదో. రెండు రోజులు దుకాణం మూస్తే ఆ రెండు రోజుల సంపాదన ఎవరిస్తారు? ఫోల్డర్ ఎందుకు దాచావంటే ఇంకా మంచి కారణం చెప్పాడు. "ముసలోళ్లు వస్తరు బేటా. కార్డు ఇంట్ల మర్చిపోతరు. మళ్లా పోయి రమ్మంటే ఎండల యాడ పోతరు?"

ఆయన అజాగ్రత్త ఒక దయ. నా జాగ్రత్త ఒక జీతం. ఇద్దరిలో కట్ట కింద ఇళ్లకి ఎక్కువ ప్రమాదం ఎవరి వల్ల అంటే, ఆయన వల్లే. ఎవరిది ఎక్కువ తప్పు అంటే, నాదే. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమవడం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. ప్రతి సోమవారం నేను సంతోషంగా దిగుమతి చేసుకునే ప్యాచ్‌లలో కొన్నింటి మూలంగా, వాటిని ఎప్పటికీ అందుకోలేని ఆ దుకాణం ఇంకొంచెం తెరుచుకుంటుంది. కొత్త విండోస్‌లో సరిచేసిన లోపం పాతదానిలోనూ ఉండే ఉంటుందని దొంగకి తెలుసు. అలాగని ప్యాచ్‌లు మానేయమనలేం. చెప్పడం మానేయమనలేం. ఎన్‌ఎస్‌ఏ చేసింది అదే కదా.

పోయిన చలికాలం ఒక ఆదివారం చాచా దగ్గర కూచుని ఫోల్డర్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చాం. కంప్యూటర్‌లోంచి తీసేశాం. ఎవరైనా ముసలాయన కార్డు మర్చిపోయి వస్తే పెట్టాలి, ప్రింట్ తీశాక పీకి గోడకి ఉన్న మేకుకి తగిలించాలి. ఇది మరమ్మతు కాదని నాకు తెలుసు. పెట్టిన ఆ రెండు నిమిషాలూ తలుపు తెరిచే ఉంటుంది, కింద విండోస్ 7 అలాగే ఉంది. చాచా మాత్రం మేకు దగ్గర స్కెచ్ పెన్‌తో "ఆధార్" అని ఉర్దూలో, దాని కింద తెలుగులో రాయించాడు. తెలుగు నాతోనే రాయించాడు.

మొన్న శుక్రవారం నమాజు అయ్యాక జనం ఎక్కువ ఉన్న వేళ వెళ్లాను. మేకు ఖాళీగా ఉంది. పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కే ఉంది, దాని చిన్న నీలం లైటు వెలుగుతోంది. ఎప్పట్నుంచి ఉందని అడిగాను.

"పొద్దుగాల ఒక అమ్మ వచ్చింది. మర్చిపోయిన," అన్నాడు చాచా, చిల్లర లెక్కపెడుతూ.

పీకి మేకుకి తగిలించాను. అది అటూ ఇటూ ఊగుతుండగానే లైన్లో ముందున్న పెద్దాయన జేబులు తడుముకుని, కార్డు ఇంటి దగ్గరే ఉండిపోయిందన్నాడు. చాచా నా వైపు చూశాడు. నేను మేకు వైపు చెయ్యి చాపాను.